వెనక నుంచి పిలిచిన పేరు

కావ్‌షుంగ్ రేవు వెనక సందుల్లో నత్తల వేపుడు ముట్టనివాళ్ళు ఉంటే ఉండొచ్చు గాని, బాంగ్ ఛీ చేతి వేపుడు తిని వంక పెట్టినవాళ్ళు లేరు. నలభై ఏళ్ళుగా ఆవిడకు అదే పని. ఇంటి ముందు వసారాలో తొట్టెడు నత్తలు, పక్కనే బుట్టెడు కట్టెల బూడిద. గుల్లలోంచి తీసిన నత్తను బూడిదలో వేసి, జిగురు వదిలేదాకా పులుముతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఏడుసార్లు. ఆ పైన మరిగే నీళ్ళు. ఆ పైన వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, పెద్ద మంట. "జిగురు వదలని నత్తనీ, కల్లు వదలని మొగుణ్ణీ గడప దాటనివ్వకూడదు" అంటుంది. మొగుడు ఎప్పుడో పోయాడు. నత్తల విషయంలో మాత్రం మాట తప్పలేదు.

తొట్టి మీద చెక్కమూత, మూత మీద రెండు ఇటుకలు. మురుగు కాలువలోంచి ఎలుకలు వచ్చి ఆ తొట్టి చుట్టూనే తిరుగుతాయి. తెల్లారేసరికి మూత మీద వాటి పెంట నల్లగా చిమ్ముకుని ఉంటుంది. ఆవిడ చీపురుతో ఊడుస్తుంది. కొంత కిందికి పోతుంది, కొంత మూత సందుల్లోంచి తొట్టిలో పడుతుంది. పడితే పడింది, నత్తలకు అన్నీ తిండే. ఎటూ బూడిద ఉంది, నిప్పుంది.

ఆవిడ పేరుకు వాళ్ళ మాటలో అర్థం 'పుట్టింది కదా, ఏదో ఒకలా పెంచుదాం' అని. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిందని తండ్రి విసుక్కుని పెట్టిన పేరు. రెండోసారీ ఆడపిల్లే. దానికి ఛోతీ అని పెట్టాడు. అంటే 'తమ్ముణ్ణి పిలుచుకురా' అని. పేరు పెడితే తమ్ముళ్ళు వచ్చేస్తారా? ఆ ఇంట్లో మగపిల్లాడు పుట్టనే లేదు. ఛోతీ ఆరేళ్ళకే పోయింది.

ఎలా పోయిందో బాంగ్ ఛీని అడిగితే చెప్పదు. అడక్కపోయినా, ఏటా వాళ్ళ పంచాంగంలో ఏడో నెల వచ్చేసరికి ఆవిడ ప్రవర్తనే చెబుతుంది. ఆ నెలంతా పోయినవాళ్ళ లోకపు తలుపులు తెరిచి ఉంటాయి. తిండి పెట్టే దిక్కులేనివాళ్ళు, దారి తప్పినవాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు వీధుల్లో తిరుగుతుంటారు. వాళ్ళను అసలు పేరుతో ఎవరూ అనరు. మంచి అన్నదమ్ములు అంటారు. ఈ కథ చెప్పేవాళ్ళకూ ఆ మర్యాద తప్పదు.

మనిషికి మూడు దీపాలుంటాయట. నెత్తిన ఒకటి, భుజానికొకటి. వెనక నుంచి ఎవరో పిలిచారని గభాలున మెడ తిప్పితే, ఆ పక్క దీపం ఆరిపోతుంది. అందుకే ఏడో నెలలో వెనక నుంచి పిలవకూడదు. పిలిచినా తిరగకూడదు. ఎనిమిదేళ్ళ వయసులో బాంగ్ ఛీ ఆ సంగతి మరిచిపోయింది. సందులో ముందు నడుస్తున్న చెల్లెల్ని 'ఛోతీ!' అని గట్టిగా పిలిచింది. చెల్లి గిరుక్కున తిరిగింది. ఆ తర్వాత పది రోజులకు తలనొప్పి అని పడుకుంది. చివరి మూడు రోజులూ మెడ తిప్పమన్నా తిప్పలేదు, ఒకసారి తిప్పింది చాలన్నట్టు. "తమ్ముణ్ణి పిలుచుకురా అని నడివీధిలో అరిచావు. ఆ నెలలో వచ్చే తమ్ముళ్ళు ఎవరే? వాళ్ళు వచ్చారు" అని తల్లి గుండెలు బాదుకుంది. యాభై ఎనిమిదేళ్ళయింది. ఆ పేరు బాంగ్ ఛీ నోట మళ్ళీ రాలేదు.

ఇప్పుడావిడకు ఉన్నదల్లా మనవరాలు. పేరు ఆనింగ్, ఏడేళ్ళు. కొడుకు చేపల ఓడ మీద ఎక్కడో సముద్రంలో ఉంటాడు. కోడలు బీఫెన్ ఊరి చివర విడిభాగాల ఫ్యాక్టరీలో చేస్తుంది. పిల్ల ఆలనా పాలనా నాయనమ్మదే. కాలు నేల మీద పెట్టనిస్తే కదా! రెండు వారాల కిందట పిల్లకు పొడిదగ్గు పట్టుకుంటే, కోడలి కంటపడకుండా తల్లి నేర్పిన మందు ఇచ్చింది. తొట్టిలో బలమైన నత్తల్ని నాలుగు ఏరి, గుల్ల పగలగొట్టి, గిన్నెలో బెల్లం చక్కెర పోసి మూత పెడితే, కాసేపటికి నత్తలు కరిగి నీళ్ళు ఊరతాయి. బూడిద తగలకూడదు, మంట తగలకూడదు. జిగురే మందు. పిల్ల ముఖం చిట్లించి తాగి, "తియ్యగానే ఉంది" అంది. దగ్గు తగ్గింది. కోడలికి డాక్టర్ల పిచ్చి గాని, పాతమందుకు సాటి ఏముంది అనుకుంది బాంగ్ ఛీ.

పదిహేనో రోజున అన్నదమ్ములకు విందు పెట్టాలి. ఆ రోజే తుఫాను వస్తుందని బడికి సెలవిచ్చారు. పొద్దున్నే గాలి లేదు, ఎండ లేదు, ఆకాశం పాత సత్తు గిన్నెలా ఉంది. బాంగ్ ఛీ పిల్లకు జడ వేయబోయింది.

"దువ్వెన వద్దు నాయనమ్మా. గుచ్చుతోంది."

"దువ్వెన గుచ్చక ముద్దు పెట్టుకుంటుందా? కదలకు."

"చొక్కా కూడా గుచ్చుతోంది. చల్లనీళ్ళు పోస్తే మండింది."

"సెలవిచ్చారుగా, ఇంకా ఎందుకే ఈ సాకులు? బడి ఉన్నరోజు చెప్పు, వింటాను."

పిల్ల నవ్వలేదు. మూడు రోజుల నుంచి తల బరువుగా ఉందంటోంది. వానకు ముందు గాలి ఆడక అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకుంది ముసలావిడ.

ఎదురింటి ఆథో టాక్సీ నడుపుతాడు. యాభై ఏళ్ళొచ్చినా నోటికి తాళం లేని మనిషి. ఆనింగ్ విందుబల్ల మీద పెట్టడానికి చిప్స్ పొట్లాలు మోసుకెళ్తుంటే వెనక నుంచి "ఏయ్ ఆనింగూ!" అని కేకేశాడు. పిల్ల ఆగింది గాని తిరగలేదు. మెడ కూడా కదపలేదు.

బాంగ్ ఛీ కళ్ళు ఎర్రజేసింది. "నీకు బుద్ధుందా? ఏడో నెలలో వెనక నుంచి పిలుస్తావా? నీ టాక్సీ బ్రేకులకున్న జ్ఞానం కూడా లేదురా నీకు!"

"నా బ్రేకులకి జ్ఞానం ఉందని నువ్వన్నావంటే ఇవాళ తుఫాను తప్పదు పెద్దమ్మా. పిల్లని పటాలంలో చేర్చావా ఏంటి? మెడ కర్రలా పెట్టి నడుస్తోంది."

"నా మనవరాలికి చెప్పిన మాట వినడం తెలుసు. నీలాగా కాదు."

లోపల ఎంత పొంగిపోయిందో! నెల మొదలైనప్పటి నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. పిల్ల నేర్చుకుంది. దీపాలు పదిలంగా ఉన్నాయి.

"మంచిదానివి" అని బుగ్గ పుణికింది. పిల్ల ఆ వేలు తగిలినందుకే కళ్ళు మూసుకుంది.

"నాయనమ్మా, నువ్వెందుకు మరి రోజూ వెనక నుంచి పిలుస్తున్నావు? నేను తిరుగుతానేమో అని చూట్టానికా?"

"నేనా? నేనెప్పుడు పిలిచానే?"

"పిలుస్తున్నావుగా. చిన్నగొంతు పెట్టి."

బాంగ్ ఛీ చేతిలోని అగరొత్తుల కట్ట సర్దుకుంది. పిల్లలు ఏవేవో అంటారు. పని ఉంది.

వసారాలో బల్ల పరిచారు. పందిమాంసం, చేప, ఉడికిన బాతు, అన్నం, పండ్లు, చిప్స్, కోలా డబ్బాలు. అన్నదమ్ముల నోటి రుచులూ కాలంతో పాటు మారవా మరి. ప్రతి గిన్నెలో ఒక అగరొత్తి గుచ్చారు. బల్ల పక్కన స్టూలు మీద గిన్నెడు నీళ్ళు, కొత్త తువ్వాలు, దువ్వెన, చిన్న అద్దం పెట్టింది బాంగ్ ఛీ. ఎంతెంత దూరాల నుంచో వస్తారు, ముఖం కడుక్కోకుండా తినమంటే ఏం మర్యాద?

"రావే, దణ్ణం పెట్టు."

ఆనింగ్ అగరొత్తులు పట్టుకుని నడుము దగ్గర వంగింది. తల మాత్రం నిటారుగా, బల్లకేసి చూస్తూ ఉండిపోయింది.

"తల వంచు."

"వంగట్లేదు."

"వంగకపోవడమేంటే? పెద్దవాళ్ళ ముందు మెడ వంచని ఘటం అనిపించుకుంటావా?" బాంగ్ ఛీ ఆ తల మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

ఆనింగ్ కేక పెట్టింది. ఏడుపు కాదు, మారాం కాదు. బాతు గొంతు కోసినప్పుడు వచ్చేలాంటి కేక. అగరొత్తులు కిందపడ్డాయి. ఆథో పెళ్ళాం ఇవతలికి తొంగి చూసింది. బాంగ్ ఛీ గబగబా అగరొత్తులు ఏరి, మళ్ళీ వెలిగించి, "చిన్నపిల్ల, తెలియనిది, మనసులో పెట్టుకోకండి" అని గాలికి దణ్ణాలు పెట్టింది. విందుకు పిలిచి అవమానించినట్టయింది కదా!

దణ్ణాలయ్యాక స్టూలు కేసి చూసింది. నీళ్ళ గిన్నె అలాగే ఉంది. కొత్త తువ్వాలు మాత్రం తడిసి, పిండి ఆరేసినట్టు స్టూలు అంచున వేలాడుతోంది. ఒక మూలన వేళ్ళ ముద్ర మరక. చిన్న వేళ్ళు.

ఆనింగే తుడుచుకుని ఉంటుంది అనుకుంది.

మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. మూడింటికి దీపం పెట్టాల్సినంత చీకటి. తుఫాను రేవు మీదికి వచ్చింది. రేకులు కొట్టుకుంటున్నాయి. కాలువ మొదట బుడగలేసింది, తర్వాత పైకి తన్నింది. మురుగు వాసన, తడి బూడిద వాసన, ఆరిపోయిన అగరొత్తుల వాసన కలిసి ఇల్లంతా పట్టింది. కరెంటు పోయింది.

అప్పుడు వచ్చాయి ఎలుకలు. ఒకటీ రెండూ కాదు. కాలువలో బొరియలు మునిగాయేమో, గోడవారగా వరసకట్టి లోపలికి వచ్చాయి. మామూలుగా మనిషి అలికిడికి పరిగెత్తే జాతి. ఆ రోజు పరిగెత్తలేదు. బాంగ్ ఛీ చీపురు తిరగేసి కొట్టబోతే, బీరువా మీదికెక్కి కూర్చుని అన్నీ ఒకే వైపు చూశాయి. ఆనింగ్ మంచం వైపు.

పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. దుప్పటి కప్పితే తోసేస్తోంది, కొవ్వొత్తి వెలుగు చూస్తే కళ్ళు మూసుకుంటోంది. బాంగ్ ఛీ కోడలికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, రోడ్లన్నీ మునిగాయి, బస్సులు లేవు. మమ్మల్ని ఫ్యాక్టరీలోనే ఉండమన్నారు. దానికెలా ఉంది?"

"జడుసుకుంది. ఒళ్ళు కాస్త వెచ్చగా..."

"మూడు రోజుల నుంచి తలనొప్పన్నారు కదా! నా మాట వినండత్తయ్యా, ఆథో బాబాయ్‌ని పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మీ బియ్యం, మీ మంత్రం తర్వాత. మీకు దణ్ణం పెడతాను..."

ఫోన్ తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఆ మాట వినుంటే అరగంట కలిసొచ్చేది. కాని మనసులో ఉన్నది వేరు. తల వంచనందుకు అన్నదమ్ములు కోపగించారు. పిల్ల ప్రాణం బెదిరి ఒంట్లోంచి తప్పుకుంది. దానిని పిలిచి ఇంటికి తేవాలి. ఆస్పత్రివాళ్ళకు ఆ పిలుపు తెలుసా?

గ్లాసు నిండా బియ్యం పోసి, పైన చేత్తో చదును చేసింది. ఆనింగ్ విడిచిన చొక్కాతో గ్లాసు మూతి బిగించి కట్టింది. మంచం దగ్గరికి వచ్చి, గ్లాసును తలకిందులుగా పట్టుకుని, పిల్ల మీదుగా తిప్పబోయింది.

"నాయనమ్మా" అంది ఆనింగ్, కళ్ళు తెరవకుండా. "ఆ పిల్లని పిలవొద్దని చెప్పవా?"

"ఏ పిల్లే?"

"నా వెనకుందిగా."

పిల్ల వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"పేరు కూడా తప్పు పిలుస్తోంది. నాకు చెల్లెలెక్కడుంది? 'అక్కా, అక్కా, ఇటు తిరుగు' అంటోంది."

బాంగ్ ఛీకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక ఆలస్యం చేయకూడదనుకుంది. గ్లాసును పిల్ల తల మీద తిప్పుతూ, ఏళ్ళ తరబడి ఎందరి పిల్లలకో చేసిన పిలుపు ఎత్తుకుంది.

"భయపడకు... దారి తప్పకు... ఎక్కడున్నా ఇంటికి రా... ఛోతీ... ఇంటికి రా..."

ఆగింది.

ఏమంది తను?

ఆనింగ్ అనాలి. ఆనింగ్ అనబోయింది. యాభై ఎనిమిదేళ్ళు నోటికి రానివ్వని పేరు... ఈ నెలలో, ఈ రోజున, వీధి తలుపు తీసి ఉండగా...

వాన చప్పుడు ఒక్కసారిగా తగ్గినట్టనిపించింది. బీరువా మీద ఎలుకలు లేవు. ఎప్పుడు దిగిపోయాయో.

చొక్కా ముడి విప్పింది. బియ్యం ఎలా కుదురుకున్నాయో చూస్తే ప్రాణం ఎక్కడ బెదిరిందో తెలుస్తుంది. ఒక పక్క గుంట పడితే నీళ్ళ దగ్గర, గట్టులా లేస్తే రాళ్ళ దగ్గర. ఆ బియ్యంలో గుంట లేదు, గట్టు లేదు. పొడిబియ్యం మీద తడిచార ఉంది. సన్నగా, మెరుస్తూ. అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, తిరిగి, మధ్యలో ఆగిపోయింది.

నలభై ఏళ్ళు చూసిన జిగురు. పోల్చుకోవడానికి కొవ్వొత్తి అక్కర్లేదు.

అది ఆగినచోట నత్త లేదు.

గ్లాసు ఎక్కడ పడేసిందో ఆవిడకే తెలియదు. వీపుకు కట్టుకునే గుడ్డ తీసింది. ఆనింగ్‌ను పసిపిల్లప్పుడు మోసిన గుడ్డే. పిల్లను వీపు మీదికి ఎక్కించుకుని, గుడ్డ రెండు అంచులూ రొమ్ము దగ్గర ముడేసి బయటికి నడిచింది. వసారాలో తొట్టి మూత పక్కకు తొలగి ఉంది. ఇటుకలు రెండూ నీళ్ళల్లో ఉన్నాయి. నత్తలన్నీ గోడ ఎక్కేశాయి.

ఆథో పొద్దున్నే టాక్సీని సందు చివర మెట్ట మీద పెట్టి, అక్కడే తమ్ముడింట్లో ఉంటానన్నాడు. సందు పొడవునా మోకాలి లోతు నీళ్ళు. నల్లటి నీళ్ళ మీద విందుబల్లల చిప్స్ పొట్లాలు, సగం కాలిన అగరొత్తులు తేలుతున్నాయి. ఎవరి తలుపూ తీసి లేదు. కాలు తీసి కాలు వేస్తే నత్తనడకే.

పది అడుగులు వేశాక వెనక నీళ్ళల్లో చప్పుడు. తన అడుగు కాదు. తన అడుగు పడ్డాక, ఇంకొకటి.

తిరక్కూడదు. తిరిగితే ఆరిపోతుంది. తనది ఆరిపోతే ఆరిపోయింది, పిల్ల వీపు మీదుంది.

"ఆనింగ్, మేలుకునే ఉన్నావా?"

"ఊఁ."

"మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి చెప్పు."

"నాయనమ్మా... అది కూడా వస్తోంది."

"రానీ. నువ్వు నాతో మాట్లాడు."

ఇంకో నాలుగు అడుగులు వేసింది. వీపు మీద బరువు పెరిగినట్టుంది. జ్వరంతో సలసల కాగిన ఒళ్ళు చల్లబడింది. మెడ వెనక తగిలే ఊపిరి... చల్లగా ఉంది.

"ఆనింగ్?"

రొమ్ము దగ్గర ముడి ఇంకాస్త బిగించింది.

"ఆనింగ్! పలకవే తల్లీ!"

వెనక చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు సందులో ఒక్కళ్ళ అడుగుల చప్పుడే ఉంది. బాంగ్ ఛీవి.

అప్పుడు చెవి పక్కనే, పెదవులు తగిలేంత దగ్గరగా, చిన్నగొంతు.

"అక్కా."

ఆవిడ ఆగలేదు. ఆగితే ఇక కదలలేదని తెలుసు.

"అక్కా... ఆ తీపినీళ్ళు ఇంకోసారి ఇయ్యవా?"

తీపినీళ్ళు.

కాళ్ళు వాటంతటవి నడుస్తున్నాయి. కళ్ళ ముందు మాత్రం సందు లేదు. మట్టిపొయ్యి, పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల. అమ్మ పనికి పోతూ, చెల్లికి దగ్గు తగ్గట్లేదు, మందు నువ్వే చెయ్యి అంది. కాలువ గట్టు మీద నత్తలు ఏరింది తనే. గుల్ల పగలగొట్టింది తనే. చెల్లి గిన్నె నాకేసి 'తియ్యగా ఉందక్కా' అంది. దగ్గు తగ్గింది. ఆ తర్వాత... పిలిచింది ఆ తర్వాత. తలనొప్పి ఇంకా తర్వాత. ఇన్నేళ్ళూ పిలుపునే తలుచుకుని ఏడ్చింది గాని, గిన్నెను తలుచుకోలేదు.

"నేను పిలిచినందుకు కాదా?" అంది బాంగ్ ఛీ. వానలో ఆ మాట ఆవిడకే సరిగ్గా వినిపించలేదు. "పిలిచినందుకు కాదా, చెల్లీ?"

వీపు మీది గొంతు నవ్వింది. ఎందుకు నవ్విందో ఆవిడకు అర్థం కాలేదు.

సందు చివర ఆథో టార్చిలైటు పట్టుకుని ఎదురొచ్చాడు. పరాచికం ఆడబోయి, ఆవిడ ముఖం చూసి మింగేశాడు. పిల్లను విప్పి వెనక సీట్లో పడుకోబెట్టాడు. పిల్ల ఒళ్ళు మళ్ళీ నిప్పులా కాలుతోంది.

ఆస్పత్రిలో జనరేటరు దీపాల కింద కుర్ర డాక్టరమ్మ పిల్ల తల వెనక చెయ్యి పెట్టి ఎత్తబోయింది. తలతో పాటు ఒళ్ళు నడుము దాకా లేచింది.

"మెడ ఎప్పటి నుంచి ఇలా బిగుసుకుంది?"

బాంగ్ ఛీకి పొద్దున్న పిల్ల బుగ్గ పుణికి మెచ్చుకోవడం గుర్తొచ్చింది. తిరక్కపోవడం కాదు, తిరగలేకపోవడం. చెప్పిన మాట విన్నదని మురిసిపోయింది తను.

"నత్తనీళ్ళు ఇచ్చానమ్మా" అంది. "పచ్చివి. చక్కెరేసి. నేనే ఇచ్చాను. రెండు వారాలవుతోంది."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. తర్వాత అందరూ పరుగులు పెట్టారు. వెన్నులోంచి నీళ్ళు తీశారు. మందులు ఎక్కించారు. డాక్టరమ్మ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని ముసలావిడకు అర్థమయ్యేలా చెప్పింది. ఎలుక పెంటలో కంటికి కనిపించని పురుగుపిల్లలుంటాయి. ఆ పెంట తిన్న నత్తలోకి చేరతాయి. పచ్చినత్త కడుపులోకి పోతే మనిషిలోకి వస్తాయి. అవి ఎలుక ఒంట్లో బతకడానికి పుట్టినవి, మనిషి ఒళ్ళు వాటికి కొత్త. "దారి తప్పి తలలో చేరి, అక్కడే తిరుగుతుంటాయి. వాటికి ఇల్లు దొరకదు" అంది.

బాంగ్ ఛీ విన్నది. దారి తప్పినవాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు.

"మీరు ఆ మాట చెప్పకపోయుంటే మాకు తోచడానికి రెండు రోజులు పట్టేది. మంచిపని చేశారు. ఎలా గుర్తొచ్చింది?"

"ఎవరో గుర్తు చేశారు" అంది ముసలావిడ.

ఆనింగ్ పన్నెండు రోజులు అటూ ఇటూ ఊగింది. బీఫెన్ మొదటి రోజు అత్తగారిని నోటికొచ్చినట్టు తిట్టింది. రెండో రోజు కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. మూడో రోజు నుంచి ఇద్దరూ వంతులేసుకుని మంచం దగ్గర కూర్చున్నారు. బాంగ్ ఛీ తొట్టిని ఆథోతో పగలగొట్టించింది. నత్తలను నిప్పులో వేయించింది. ఆ పిల్ల బతికితే చాలు, ఇంకేం అక్కర్లేదనుకుంది. కనిపించిన దేవుడికల్లా అదే మాట చెప్పుకుంది.

పదమూడో రోజు పొద్దున పిల్ల లేచి కూర్చుని గంజి తాగింది. కిటికీలోంచి ఎండ వస్తోంది. డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. ఏడో నెల పూర్తవడానికి ఇంకా రెండు రోజులుంది.

"మెడ చూద్దాం. నేను ముట్టుకుంటే బిగపట్టేస్తుంది. నాయనమ్మగారూ, మీరు తలుపు దగ్గర నిలబడి వెనక నుంచి పిలవండి. దానంతటది తిరుగుతుందేమో చూద్దాం."

"వద్దు" అంది బాంగ్ ఛీ.

"అత్తయ్యా, ఇంకా ఆ చాదస్తమేనా?" అంది బీఫెన్. "మీ పిలుపుతో తిరిగితే దానికి మంచిదే కదా. పిలవండి."

కోడలి ముఖం చూసి కాదనలేకపోయింది. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనవరాలి వీపు, రెండు చిన్న భుజాలు, మధ్యలో సన్నటి జడ.

"ఆనింగ్."

పిల్ల కదల్లేదు.

"ఆనింగ్... ఇటు చూడమ్మా."

కదల్లేదు. డాక్టరమ్మ నవ్వు తగ్గింది. చెవులు ఏమైనా దెబ్బతిన్నాయా అన్నట్టు దగ్గరికి వంగి చూసింది. బీఫెన్ తన చొక్కా అంచు నలిపేస్తోంది. బాంగ్ ఛీ తలుపు పట్టుకుని ఊరికే నిలబడిపోయింది.

ఎవరూ పిలవలేదు. గదిలో చప్పుడే లేదు.

ఆనింగ్ మెడ మెల్లగా తిరిగింది. ఎడమ భుజం మీదుగా, నొప్పి లేకుండా, సాఫీగా, పూర్తిగా. బీఫెన్ గట్టిగా ఏడ్చేసింది. డాక్టరమ్మ ఊపిరి వదిలి కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ హడావుడిలో పిల్ల అన్న మాట వాళ్ళిద్దరికీ వినిపించలేదు. గుమ్మంలో ఉన్న బాంగ్ ఛీకి వినిపించింది.

"నా పేరు పెట్టి పిలువక్కా" అంది పిల్ల.